టాపు ఉన్న ఎంజీ

ఎంజీ స్పోర్ట్స్ కారు అనగానే చాలామందికి కళ్ల ముందు మెదిలేది టాపు తీసేసి, గాలికి జుట్టు ఎగురుతుంటే దూసుకుపోయే రెండు సీట్ల బండి. నాకు మాత్రం మొదటినుంచీ టాపు ఉన్న ఎంజీయే ఇష్టం. అంటే ఎంజీబీ జీటీ. కూపే. నలభై ఏళ్లుగా ఈ మాట మీద ఎంతమందితో వాదించానో లెక్కలేదు. దాని గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మొన్న నాన్న కాగితాల పెట్టె సర్దుతుంటే ఒక పాత ఫోటో దొరికింది. ఇక ఆగలేక కూర్చున్నాను.

మాది తెనాలి. నాన్న రైల్వే స్టేషన్ దగ్గర టాక్సీ స్టాండులో అంబాసిడర్ నడిపేవాడు. సొంత బండి, మార్క్ టూ, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. మామూలు రోజుల్లో గుంటూరు, బెజవాడ. పెళ్లిళ్ల సీజన్ వస్తే తిరుపతి దాకా. బండికి ఏం వచ్చినా షెడ్డుకి ఇచ్చేవాడు కాదు. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు వేపచెట్టు కింద బానెట్ ఎత్తేవాడు. నేను పక్కన నిలబడి పానాలు అందించేవాణ్ణి. ఇంటర్లో బైపీసీ తీసుకున్నా, డాక్టరీ సీటు వచ్చినా ఆ డ్యూటీ మాత్రం తప్పలేదు.

గుంటూరు మెడికల్ కాలేజీలో చదువు అయ్యాక, 1979 ఆగస్టులో ఇంగ్లండు వచ్చాను. ఆ రోజుల్లో మన తెలుగు డాక్టర్లు చాలామంది అలాగే వచ్చేవాళ్లు. ఏ ఊళ్లో పోస్టు దొరికితే ఆ ఊరికి, ఆరు నెలలకోసారి పెట్టె సర్దుకుని. నాకు ఆక్స్‌ఫర్డ్ దగ్గర దొరికింది. అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో అబింగ్డన్ ఉంది. ఎంజీ కార్లు తయారయ్యే ఊరు.

నేను దిగిన నెలకే ఆ ఊరి మీద పిడుగు పడింది. ఎంజీ అక్కడికి వచ్చి యాభై ఏళ్లయిందని వేడుకలు చేసుకున్నారు. ఆ సందడి ఇంకా సద్దుమణగనే లేదు, సెప్టెంబరు 10, సోమవారం నాడు, ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ఎంజీ యజమాని కంపెనీ బ్రిటిష్ లేలాండ్ ప్రకటించింది. ఫ్యాక్టరీని కాపాడుకోవడానికి ఊరేగింపులు జరిగాయి. ఆస్టన్ మార్టిన్ వాళ్లు మరికొందరితో కలిసి కొనడానికి ముందుకొచ్చారు గానీ అదీ కుదరలేదు. మరుసటేడు అక్టోబరులో చివరి ఎంజీబీ బయటికొచ్చింది.

ఆ రోజుల్లో మా వార్డులో హెర్నియా ఆపరేషన్‌కి చేరిన ఒక పెద్దాయన అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినవాడు. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు ఆయనకి. నైట్ డ్యూటీలో కాస్త తీరిక దొరికితే కుర్చీ లాక్కుని ఆయన మంచం పక్కన కూర్చునేవాణ్ణి. పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లోలాగా అక్కడ కార్లు వాటంతటవి కదలవట. ఒక్కో కారునీ ఒకచోటి నుంచి ఇంకోచోటికి మనుషులే చేత్తో తోసేవాళ్లట. అయిదు లక్షల పైచిలుకు ఎంజీబీలు, ప్రతిదాన్నీ. దుప్పటి మీద రెండు అరచేతులూ వెడల్పుగా పెట్టి, ఎలా తోసేవాళ్లో చూపించాడు. ఆయన చేతులు నాన్న చేతుల్లాగే ఉండేవి. గోళ్ల చుట్టూ సబ్బుకి పోని నలుపు.

జీటీ గురించి మొదట నాకు చెప్పింది ఆయనే. ఎంజీబీ 1962లో టాపు లేని బండిగానే వచ్చింది. అప్పటి జనరల్ మేనేజర్ జాన్ థార్న్‌లీకి ఆస్టన్ మార్టిన్ కూపేల మీద మనసు. అలాంటి కారు మామూలు ఉద్యోగస్తుడికి కూడా అందాలని ఆయన పట్టుదల. వాళ్లంతట వాళ్లు గీసుకున్న నమూనాలు సరిగా రాలేదు. చివరికి పని ఇటలీకి, కార్ల ఆకారాలు గీసే పినిన్‌ఫరీనా కంపెనీ దగ్గరికి వెళ్లింది. వాళ్లు అసలు చిక్కు ఎక్కడుందో పట్టుకున్నారు. ముందు అద్దం పొట్టిగా ఉంది. పొట్టి అద్దం మీద టాపు పెడితే కారుకి టోపీ తగిలించినట్టే ఉంటుంది. అద్దం ఎత్తు పెంచారు. అంతే, అక్కడి నుంచి వెనక బంపరు దాకా గీత ఒక్క వాలులో దిగిపోయింది. 1965 అక్టోబరులో అది అమ్మకానికి వచ్చింది. వెనక తలుపు మొత్తం పైకి లేస్తుంది. లోపల చిన్న వెనక సీటు. రోడ్‌స్టర్, అంటే టాపు లేని బండి కంటే బరువు ఎక్కువే, పికప్ కాస్త తక్కువే. అయినా పదిహేనేళ్లలో లక్షా పాతికవేలకు పైగా తయారయ్యాయి.

నేను కొన్నది 1983లో. అప్పటికి పెళ్లయి మూడేళ్లు, పెద్దాడికి ఏడాదిన్నర. ఆసుపత్రి నోటీసు బోర్డు మీద చిన్న కార్డు కనిపించింది. పదేళ్ల పాత జీటీ, 1973 మోడల్, ఇంకా క్రోమ్ బంపర్లు ఉన్నది. (1974 చివర్లో అమెరికా రూల్స్ కోసమని నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, కారుని నేల మీంచి ఒకటిన్నర అంగుళం పైకెత్తేశారు. ఆ బండ్లని ఇష్టపడేవాళ్లూ ఉన్నారు. నా మనసు మాత్రం క్రోమ్ దగ్గరే ఆగిపోయింది.) దాని రంగు పేరు హార్వెస్ట్ గోల్డ్. డెల్టాలో పుట్టినవాణ్ణి, ఆ పేరు విన్నాక బేరమాడబుద్ధి కాలేదు. డిసెంబరులో కోతకొచ్చిన చేను మీద సాయంత్రం ఎండ పడితే ఏ రంగో, అదే రంగు.

అమ్మినాయన సెల్ఫ్ కొట్టి బానెట్ ఎత్తాడు. ఇంజను చప్పుడు విని ఒక్క క్షణం అలాగే నిలబడిపోయాను. సన్నగా, తూకంగా, వాల్వుల్ని ఆడించే ట్యాపెట్ల టకటక. ఎక్కడో బాగా దగ్గరగా విన్న చప్పుడు. ఎక్కడో గుర్తు రాలేదు. చెక్కు రాసిచ్చి ఇంటికి తోలుకొచ్చాను.

టాపు లేని బండిని ఆదివారాలే తీస్తారు. ఈ టాపున్న బండి మా ఇంటి బండి అయిపోయింది. వెనక సీటులో పెద్దవాళ్లు కూర్చోలేరు గానీ పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. రెండోది పుట్టాక ఇద్దరూ అందులోనే. నెలకోసారి లండన్ సౌతాల్ వెళ్లేవాళ్లం. ఆ రోజు పిల్లల్ని స్నేహితుల ఇంట్లో దింపి, వెనక సీటు ముందుకి మడిచేవాణ్ణి. వెనక అంతా చాపలాగా చదునుగా అయ్యేది. బియ్యం బస్తా, కందిపప్పు, ఒక పెట్టెడు మామిడిపళ్లు. తిరిగొచ్చేటప్పుడు చీకట్లో, వాన పడుతుంటే, కారంతా మామిడిపళ్ల వాసన. స్టీరింగ్ పక్కనున్న పుల్ల కదిపితే ఓవర్‌డ్రైవ్ పడి ఇంజను గొంతు ఒక్కసారిగా తగ్గేది. మా ఆవిడ నిద్రపోయేది. ఆ సుఖం తెలిసినవాడెవడూ టాపు లేని బండి కావాలనడు.

జీటీ కొన్నాక దాని అన్నదమ్ములందరి మీదా కళ్లు పడ్డాయి. మా ఆసుపత్రి పార్కింగులోనే ఒక జూబిలీ ఉండేది, మా కన్సల్టెంటుది. ఎంజీ పుట్టి యాభై ఏళ్లయిందని 1975లో 750 దాకా చేసిన ప్రత్యేకమైన జీటీ. అన్నీ ఒకే రంగు. ముదురు ఆకుపచ్చ, పక్కన బంగారు చారలు, నలుపు బంగారు రంగుల చక్రాలు. డ్యాష్‌బోర్డు మీద నంబరు వేసిన చిన్న పలక. పొద్దున్నే మంచు తడి మీద ఆ ఆకుపచ్చని చూస్తే కళ్లు తిప్పుకోలేకపోయేవాణ్ణి. రౌండ్స్‌కి వెళ్లే ముందు రోజూ ఆ కారు చుట్టూ ఒక చుట్టు చుట్టేవాణ్ణి. ఆయన కిటికీలోంచి చూసి, ఒకరోజు పిలిచి తాళాలు చేతిలో పెట్టాడు. ఆసుపత్రి చుట్టూ రెండు మైళ్లు నడిపాను. ఇంజను నా బండిదే, ఊగు కాస్త ఎక్కువ. ఆ చారలు స్టిక్కర్లని, ఎండకీ వానకీ ఊడిపోతున్నాయని ఆయన తెగ బాధపడేవాడు.

కానీ నా గుండె కొట్టుకున్నది వీ8 దగ్గర. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కెన్ కాస్టెల్లో అని ఒకాయన, కంపెనీ కంటే ముందే తన సొంత షెడ్డులో ఎంజీబీలకి రోవర్ కార్ల ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజను బిగించి అమ్మేవాడు. అవి రోడ్డు మీద పేరు తెచ్చుకున్నాక కంపెనీ కూడా కదిలింది. 1973 ఆగస్టులో ఎంజీబీ జీటీ వీ8 వచ్చింది. 3528 సీసీ. అమెరికాలో బ్యూక్ వాళ్ల దగ్గర పుట్టిన ఇంజను అది, మొత్తం అల్యూమినియం. ఎనిమిది సిలిండర్లున్నా మా నాలుగు సిలిండర్ల పోత ఇనుము ఇంజను కంటే బరువులో పెద్ద తేడా లేదు. అందుకే ముక్కు బరువెక్కలేదు. కార్బొరేటర్లని వెనక్కి జరిపి అమర్చారు కాబట్టి బానెట్ మీద ఉబ్బు కూడా అక్కర్లేకపోయింది. కాస్టెల్లో బండికి ఉబ్బు ఉంటుంది, కంపెనీ బండికి ఉండదు. రెంటికీ తేడా చెప్పడానికి ఇదొక గుర్తు. వీ8ని జీటీగానే చేశారు, రోడ్‌స్టర్‌లో కంపెనీ ఒక్కటి కూడా అమ్మలేదు. ఇది నా వాదనకి మంచి బలం.

మాతో పనిచేసే మత్తు డాక్టరు ఒకాయనకి ఆ బండి ఉండేది. ఒక శనివారం డ్యూటీ దిగాక నన్ను ఎక్కించుకున్నాడు. బయటినుంచి చూస్తే నా బండికీ దానికీ తేడా చక్రాలు, గ్రిల్ మీద చిన్న వీ8 గుర్తు. తాళం తిప్పాడు. టకటక లేదు. నేల లోపలినుంచి వస్తున్నట్టు ఒక సన్నని గుర్రు. విట్నీ దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. టాప్ గేర్లో, నెమ్మదిగా పోతున్నవాడు, గేరు మార్చకుండా కాలు నొక్కాడు. వీపు సీటుకి అతుక్కుపోయింది. నా బండి అయితే అక్కడ రెండు గేర్లు తగ్గించి, ఇంజను అరుస్తుంటే ఎక్కాల్సిన మిట్ట. ఇది ఊపిరి కూడా గట్టిగా తీసుకోకుండా ఎక్కేసింది. 137 హార్స్ పవర్, గంటకి 200 కిలోమీటర్ల దాకా పోతుంది. ఇంత మంచి బండి, 1976 దాకా చేసినవి మొత్తం 2,591 మాత్రమే. వచ్చిన రెండు నెలలకే పెట్రోలు కరువు మొదలైంది, ధర కూడా మామూలు జీటీ కంటే బాగా ఎక్కువ. ఎంజీ చేసిన కూపేలన్నిటిలోకీ ఇదే గొప్పదని నా నమ్మకం. దానికి ఇంకో అయిదేళ్లు ఇచ్చి ఉంటే అబింగ్డన్ కథ వేరేగా ఉండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

దీనికి ముందు 1967లో ఎంజీసీ అని ఒకటి వచ్చింది. 2912 సీసీ, ఆరు సిలిండర్ల పోత ఇనుము ఇంజను. అది పట్టడానికి బానెట్‌ని అల్యూమినియంతో ఉబ్బెత్తుగా చేశారు, చక్రాలు పెద్దవి వేశారు. ముక్కు బరువని పత్రికలు దుమ్మెత్తిపోశాయి. 1969కల్లా ఆపేశారు, దాదాపు 9,000 బండ్ల దగ్గర. అందులో సగం జీటీలు. ఇప్పటి రాజు చార్లెస్‌కి యువరాజుగా ఉన్నప్పుడు ఒక ఎంజీసీ జీటీ ఉండేది. నేను ఒకే ఒక్కసారి నడిపాను. మలుపుల్లో దాని తీరు సంగతి ఏమో గానీ, తిన్నటి రోడ్డు మీద ఆరు సిలిండర్ల ఆ నున్నటి పరుగు కోసం ఎంత దూరమైనా పోవచ్చు.

కంపెనీ కంటే ముందే ఎంజీబీకి టాపు వేసినవాడు ఇంకొకడున్నాడు, బ్రస్సెల్స్‌లో జాక్ కూన్. 1964 ప్రాంతంలో బెర్లినెట్ అని 56 మాత్రం చేశాడు. ఒక మేళాలో దూరంనుంచి చూశాను, ఇటలీ కారేమో అనుకున్నాను.

ఇక ఆఖరివి ఎల్ఈలు, అంటే లిమిటెడ్ ఎడిషన్లు. 1981 మొదట్లో అమ్మకానికి పెట్టిన చివరి వెయ్యి. రోడ్‌స్టర్లు 420, కంచు రంగు. జీటీలు 580, వెండి మెరుపున్న బూడిద రంగు. వాటిలో ఒకటి ఆక్స్‌ఫర్డ్ షోరూము అద్దం వెనక ఉంటే ఆగి చూశాను. వార్డులోని పెద్దాయన గుర్తొచ్చాడు. డెట్రాయిట్‌లో ఉండే మా బావ ఫోను చేసినప్పుడు చెబితే, అక్కడ జీటీ అమ్మకం 1974తోనే ఆపేశారన్నాడు. అమెరికాకి చివర్లో చేసిన నల్ల లిమిటెడ్ ఎడిషన్లు 6,668 ఉన్నాయి గానీ అన్నీ టాపు లేనివే. బావ మీద జాలేసింది.

1985 జూన్‌లో అమ్మా నాన్నా వచ్చారు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి నాన్న స్వెట్టరు వేసుకుని, మెడకి మఫ్లరు చుట్టుకుని కారు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏరా, బానెట్ ఎత్తు. చూద్దాం."

ఎత్తాను. నాన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి చూశాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి, ఆ చివరి నుంచి ఈ చివరికి ఒకసారి.

"ఏరా, ఇది మన ఇంజనే కదరా!"

"కాదు నాన్నా, ఇది స్పోర్ట్స్ కారు ఇంజను. నీ బండికీ దీనికీ..."

"నాకు చెప్పకు. రెండు కార్బొరేటర్లు పెడితే నాకు తెలియదా? పైన కవర్‌కి రెండు నట్లు చూడు. కార్బొరేటర్లూ సైలెన్సర్ గొట్టమూ ఒకే వైపు. ప్లగ్గులూ డిస్ట్రిబ్యూటరూ అటువైపు. స్టార్ట్ చెయ్యి."

చేశాను. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు. నాకు అప్పుడు వెలిగింది. ఆ టకటక ఎక్కడ విన్నానో. వేపచెట్టు కింద.

నాన్న చెప్పింది అక్షరాలా నిజం. అంబాసిడర్ అంటే మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ అనే ఇంగ్లండు కారే. దాని 1489 సీసీ ఇంజను బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వాళ్ల బీ సిరీస్. అదే 1489 సీసీ ఇంజను 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారుకి పెట్టారు. తర్వాత 1588 అయింది, 1622 అయింది, ఎంజీబీకి వచ్చేసరికి 1798 అయింది. కొలతలు పెరిగాయి, వంశం ఒకటే. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ పుట్టిన కౌలీ మా ఇంటికి అరగంట దూరం. అసలు ఎంజీ అంటేనే మోరిస్ గ్యారేజెస్. ఆరేళ్లుగా ఆ దారిలోనే తిరుగుతున్నాను, ఒక్కసారి కూడా ఈ రెండు ముక్కలూ కలిపి చూడలేదు. నాన్న వచ్చి ఒక్కరోజు కాలేదు.

"ట్యాపెట్లు చప్పుడు ఎక్కువుంది. ఫీలర్ గేజ్ ఉందా?"

ఆ పొద్దుటి సంగతి నాకు ఏ నిమిషానికి ఆ నిమిషం గుర్తుంది. ఇంజను వేడెక్కేదాకా తిప్పాం. కవర్ విప్పాం. ప్లగ్గులు తీసేశాం, ఇంజను తేలిగ్గా తిరగాలని. "టాప్ గేర్లో వేసి కొంచెం తొయ్యి" అన్నాడు. నేను ముందు నుంచి తోస్తే కష్టమని వెనక్కి వెళ్లి, అరచేతులు వెడల్పుగా పెట్టి తోశాను. నాన్న వాల్వుల మీదే కళ్లు పెట్టి, "ఆపు!" అనేవాడు. ఎనిమిదో వాల్వు పూర్తిగా దిగితే ఒకటోది చూడాలి. ఆరు దిగితే మూడు. నాలుగు దిగితే ఐదు. ఏడు దిగితే రెండు. "ఏ రెండు కలిపినా తొమ్మిదే రావాలి. చిన్నప్పుడు చెప్పానా లేదా?" చెప్పాడు. మర్చిపోయాను.

ఫీలర్ గేజ్‌లోని పదిహేను థౌ రేకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) వాల్వు పైన సందులో పెట్టి నా చేతికిచ్చాడు. "లాగు. వదులుగా రాకూడదు, పట్టుకోకూడదు. తడిపిన కట్టలోంచి తమలపాకు లాగితే ఎలా వస్తుంది? అలా రావాలి." లాగాను. సరిగ్గా అలాగే వచ్చింది. ఇప్పటికీ ట్యాపెట్లు చూసిన ప్రతిసారీ నా వేళ్లు ఆ తమలపాకునే వెతుకుతాయి.

సర్దాక స్టార్ట్ చేస్తే చప్పుడు సగం తగ్గింది. పూర్తిగా పోనివ్వలేదు. "ఆ మాత్రం వినపడాలి. బొత్తిగా వినపడకపోతే వాల్వు కాలిపోతున్నట్టు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నాన్నని కౌలీ తీసుకెళ్లాను. లోపలికి ఎవరు రానిస్తారు, రోడ్డు పక్కన ఆపాను. పొడుగాటి ఫ్యాక్టరీ గోడ, లారీలు, షిఫ్టు దిగి వస్తున్న మనుషులు. నాన్న కారు దిగి చాలాసేపు చూశాడు. మన బండి ఇక్కడిదన్నమాట, అన్నాడు. బెంగాల్లో అంబాసిడర్లు తయారయ్యే ఉత్తరపర నుంచి వచ్చిందనే ఆయనకి తెలుసు, అంతకుముందు సంగతి ఎవరూ చెప్పలేదు. కారు పక్కన నిలబెట్టి ఫోటో తీశాను. ఒక చెయ్యి బానెట్ మీద పెట్టాడు, టాక్సీ స్టాండులో తన బండి మీద పెట్టుకున్నట్టే. రెండు కాపీలు వేయించమన్నాడు. ఒకటి స్టాండులో చూపించడానికి.

తొంభైలలో ఈ కారుకి గడ్డుకాలం వచ్చింది. ఇక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, తలుపుల కింద రేకు తినేసింది. ఒక గ్యారేజీవాళ్లు తుప్పు మీద పుట్టీ రాసి, పైన రంగేసి ఇచ్చారు. రెండో ఏటికల్లా పెచ్చులూడింది. అప్పుడు సిల్స్ రెండు వైపులా కోసి కొత్త ఉక్కు రేకు వెల్డింగ్ చేయించాను, ఆ ఏడాది తెనాలి వెళ్లాల్సిన డబ్బులు దానికే పోయాయి. నాన్నకి ఫోన్లో చెబితే, మంచి పని చేశావన్నాడు.

2014లో అంబాసిడర్ తయారీ ఆపేశారని పేపర్లో చదివాను. అప్పటికి నాన్న లేడు.

మొన్న దొరికిన ఫోటో స్టాండులో చూపించడానికి తీసుకెళ్లిన కాపీ. అంచులు నలిగిపోయి ఉన్నాయి, ఒక మూల గ్రీజు మరక. వెనక పెన్సిల్‌తో నాన్న రాత.

"ఎంజీ. మన ఇంజనే. 1798. ట్యాపెట్లు 15, వేడి మీద."